వాన, కాగితము, కాటా: ఆస్పరి ప్రాంతపు మెట్టరైతులకు కొన్ని సూచనలు



గుంతకల్లునుండి ఆదోని మీదుగా రాయచూరు పోవు రైలుమార్గముమీద ఆస్పరి ఒక స్టేషను. రైలు దిగి ఏ దిక్కునకు నడచినను మెట్టపొలములే ఎదురగును. ఒక ప్రక్క నల్లరేగడి, మరియొక ప్రక్క ఎర్రనేల. రేగడిలో పత్తి, శనగ, జొన్న, కొర్ర. ఎర్రనేలలో వేరుశనగ, కంది, ఆముదము. బోరు ఉన్నచోట టమోటా, ఉల్లి, మిరప. కాలువ క్రింద సేద్యము చేయువారి చిక్కులు వేరు. ఈ వ్యాసము ఆకాశమువైపు చూచి విత్తనము వేయువారి కొఱకు వ్రాయబడినది.

మన రైతు కష్టము చేయుటలో ఎవరికిని తీసిపోడు. అయినను సంవత్సరాంతమున లెక్క చూచుకొన్నప్పుడు చేతిలో మిగులునది తక్కువ. ఏలనగా పంట డబ్బుగా మారుటకు మూడు గడపలు దాటవలెను. మొదటిది వాన. రెండవది కాగితము, అనగా పంట ఎవరి పేర వ్రాయబడినది, అప్పు ఎక్కడ తేబడినది, బీమా ఉన్నదా లేదా అనునవి. మూడవది కాటా, అనగా మార్కెటు. మొదటి గడపవద్ద ఎంత జాగ్రత్తపడినను తక్కిన రెండింటివద్ద ఏమరినచో పంట పండియు ఫలితము దక్కదు. ఈ మూడింటిని గూర్చి క్రమముగా విచారింతము.

1. వాన

కర్నూలు, అనంతపురము జిల్లాలు రాష్ట్రమున అల్ప వర్షపాత మండలములో చేరినవి. ఈ మండలములో సంవత్సరమునకు సాధారణముగా 500నుండి 750 మిల్లీమీటర్ల వాన కురియును. ఈ బాధ నేటిది కాదు. 1876–78 సంవత్సరముల మహా క్షామము కర్నూలు, బళ్లారి సీమలను పీడించినది. ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఇటు కలిసినవి. నంద్యాలలో 1906లోనే వ్యవసాయ పరిశోధన క్షేత్రము నెలకొల్పబడినది. బళ్లారి దగ్గర హగరి క్షేత్రములో 1930ల ప్రాంతమున మెట్టసేద్యముపై ప్రత్యేక పరిశోధన జరిగినది. కావున మెట్టసేద్యపు మెళకువలు మనకు పరాయివి కావు, మన నేలమీదనే పుట్టినవి.

2023 ఖరీఫులో రాష్ట్రమందు 103 మండలములు కరువు మండలములుగా ప్రకటింపబడినవి. వానిలో కర్నూలు జిల్లా మండలములు పెక్కులు కలవు. అట్టి సంవత్సరములలో మన పడమటి గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములే సుగ్గికి బయలుదేరును. గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకు కొందరు, బెంగుళూరుకు కట్టడపు పనులకు కొందరు పోవుదురు. బడి ఈడు పిల్లలును వెంట పోవుదురు. వాన తప్పిన లెక్క చేనితో ముగియదని, బడిలో కూడ కనబడునని మనము గుర్తుంచుకొనవలెను.

వానను మనము తేలేము. కాని పడిన వానను పొదుపు చేయగలము. ఇందుకు నాలుగు సూచనలు:

పదును చూచి విత్తుట. తొలకరి చినుకు పడగానే పొడి దుక్కిలో పత్తి గింజలు పెట్టుట మన ప్రాంతములో అలవాటయినది. తేలిక నేలలలో 50నుండి 60, బరువైన రేగడిలో 60నుండి 75 మిల్లీమీటర్ల వాన పడిన పిమ్మటనే పత్తి విత్తవలెను. 2025-26లో బీటీ రెండవ తరము పత్తి విత్తనపు పొట్లము గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరమునకు రెండు పొట్లములు వేసి, అవి మొలవక మరల విత్తవలసి వచ్చినచో, కూలి గాక గింజలకే 1,802 రూపాయలు మట్టిలో కలిసినట్లే. వారము రోజులు ఆగుటకు ఖర్చు లేదు.

వాలునకు అడ్డముగా దున్నుట, విత్తుట. సాళ్లు వాలువెంబడి పోయినచో నీరును, పైమట్టియు వంకలోనికి పోవును. అడ్డముగా నున్నచో ప్రతి సాలు ఒక చిన్న కట్టవలె నిలుచును. పైరు నడుమ గుంటక తోలినచో కలుపు పోవుటయే గాక నెఱ్ఱెలు పూడి, నేలలోని తడి నిలుచును. బెట్టకాలములో గుంటక తోలుట ఒక తడి పెట్టినదానితో సమానమని పెద్దలనుట అనుభవముమీద చెప్పిన మాటయే.

ఒక్క పంటనే నమ్ముకొనకుండుట. వేరుశనగలో 7 సాళ్లకు గాని 11 సాళ్లకు గాని ఒక సాలు చొప్పున కంది వేయవచ్చును. వేరుశనగ ఊడలు దిగు సమయమున బెట్ట తగిలినను, వెనుకటి వానలకు కంది కోలుకొనును. వానలు బాగుగా ఆలస్యమైనప్పుడు పత్తికై పట్టుపట్టక, తక్కువ కాలములో చేతికి వచ్చు కొర్ర వేయుట మేలు. నంద్యాల క్షేత్రమునుండి వెలువడిన సూర్యనంది రకము ఇట్టి సమయమునకు తగినది.

నేలను కప్పి ఉంచుట. వానలకు ముందే నవధాన్యములు చల్లి నేలపై పచ్చదనము నిలుపు పద్ధతిని రాష్ట్రములో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము క్రింద కొన్ని సంవత్సరములుగా ప్రచారము చేయుచున్నారు. పొలమంతయు ఒక్కసారి మార్చనక్కరలేదు. అర ఎకరములో చేసి చూచి, తృప్తిపడిన పిమ్మట పెంచుకొనవచ్చును.

2. కాగితము

ఇక్కడ నా అనుభవమొకటి చెప్పవలసియున్నది.

నేను ఈ ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో ఒక గ్రామమున ఒక పెద్దాయన ఐదెకరముల రేగడిని గుత్తకు తీసికొని పత్తి వేసెను. చేను కంటికి ఇంపుగా నుండెను. కోతలవేళ వరుసగా వానలు పట్టి కాయలు నల్లబడినవి. నష్టపరిహారపు జాబితా వచ్చినప్పుడు అందులో భూమి యజమాని పేరు కలదు, ఈయన పేరు లేదు. ఆయన నావద్దకు వచ్చి, "సేను నేను చేసినాను. పేరు మాత్రం ఆయప్పది ఉంది. గుత్త ముందే కట్టేసినా. ఇప్పుడు నేనేం చేయాల సార్?" అని యడిగెను.

నావద్ద సమాధానము లేకపోయెను. విచారింపగా తేలినదేమనగా: పంట నమోదు సమయమున చేనిగట్టుపై "ఈ చేను ఎవరిది?" అని యడిగితిమి, "ఈ చేను ఎవరు చేయుచున్నారు?" అని యడుగలేదు. ఆ లోపము మాది. నమోదు జాబితాను సచివాలయములో అంటించిన దినములలో ఆయన భార్యాబిడ్డలతో సుగ్గికి పోయియుండెను. అభ్యంతరము చెప్పు గడువు గడచిపోయినది. యజమాని మంచివాడు గనుక కొంత సొమ్ము ఇచ్చెను. కాని ఒకరి మంచితనముమీద ఆధారపడవలసిన స్థితి సేద్యగానికి ఉండరాదు. అప్పటినుండి నేను ప్రతి చేనివద్దను రెండవ ప్రశ్ననే మొదట వేయుచున్నాను.

పంట నమోదు. మన రాష్ట్రములో ప్రతి ఋతువునందు సర్వే నంబరు వారీగా ఏ పంట, ఎంత విస్తీర్ణములో, ఎవరు వేసినారు అనునది ఈ-క్రాప్‌లో నమోదు చేయబడుచున్నది. గ్రామ వ్యవసాయ సహాయకుడు చేనికి వచ్చి ఛాయాచిత్రము తీయును. రైతు తన ఆధార్‌తో ధ్రువపరచవలెను. మద్దతు ధరకు అమ్ముటకు, బీమాకు, కరువు వచ్చినప్పుడు పెట్టుబడి రాయితీకి ఈ నమోదే మూలము. కావున విత్తనము వేయుట ఎంత ముఖ్యమో నమోదు చేయించుట అంత ముఖ్యము. పత్తి వేసిన చేను వేరుశనగ అని వ్రాయబడినచో, పత్తి కొనుగోలు కేంద్రమువద్ద ఆ రైతు నిలువజాలడు. జాబితా అంటించిన దినముననే పోయి పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణము, ఈ నాలుగింటిని చూచుకొనవలెను.

కౌలు పత్రము. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టము 2019లో వచ్చినది. దీని ప్రకారము కౌలుదారునకు 11 నెలలు చెల్లునట్టి సాగు హక్కు పత్రము ఇయ్యబడును. ఇది పంటపై హక్కునిచ్చునే గాని భూమిపై ఏ హక్కును ఈయదు. అయినను పెక్కుమంది యజమానులు సంతకము పెట్టుటకు వెనుదీయుదురు. సంతకము పెట్టినచో భూమి పోవునేమో యను భయమే ఇందుకు కారణము. సంతకము లేనిదే పత్రము లేదు. ఈ చట్టము అమలులో కనబడు పెద్ద చిక్కు ఇదియే. విధానము చేయువారు ఆలోచింపవలసిన విషయము. అంతవరకు మనము చేయదగినది, ఇది 11 నెలల పంట పత్రమేయని యజమానికి నచ్చజెప్పుట. గ్రామములో పెద్దమనుషులు, రెవెన్యూ అధికారి కలిసి చెప్పినచో చాలమంది ఒప్పుకొందురు. గుత్త మాట్లాడుకొను దినముననే, డబ్బు చేతులు మారకముందే, సంతకపు మాట కూడ తేల్చుకొనుట మేలు. గుత్త కట్టిన తరువాత అడిగినచో కౌలుదారుని మాటకు బలముండదు.

అప్పు. మన ప్రాంతమున విత్తనము, ఎరువు అప్పుగా ఇచ్చిన వ్యాపారికే సరుకు తోలు అలవాటు కలదు. ఇందులో వడ్డీ ఒక నష్టము, ధర మరియొక నష్టము. లెక్క చూడుడు. 50,000 రూపాయలు నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చినచో 10 నెలలకు వడ్డీ 10,000 రూపాయలగును. కిసాన్ క్రెడిట్ కార్డుమీద 3 లక్షల వరకు పంట అప్పునకు వడ్డీ సాలునకు నూటికి 7. గడువులోగా చెల్లించిన వారికి 3 తగ్గి 4 మాత్రమే పడును. అదే 50,000 రూపాయలకు సంవత్సరమంతటికి 2,000 రూపాయలే. ఈ రెండింటి వ్యత్యాసము 8,000 రూపాయలు. గడువు ఒక్క దినము దాటినను ఆ తగ్గింపు పోవును గనుక తేదీని గోడమీద వ్రాసి పెట్టుకొనుడు. కౌలు రైతులు నలుగురునుండి పదిమంది వరకు కలిసి ఉమ్మడి పూచీ సంఘముగా ఏర్పడి బ్యాంకులో అప్పు అడుగవచ్చును.

బీమా. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫునుండి దేశములో అమలైనది. మన రాష్ట్రము కొంతకాలము దానినుండి వైదొలగి వేరు పద్ధతి నడిపి, 2022లో మరల చేరినది. రైతు వాటాను కూడ రాష్ట్రమే కట్టు ఏర్పాటు ఉండెను. 2024-25 రబీనుండి ఆ వాటాను రైతే చెల్లింపవలసి వచ్చినది. "మునుపు అదే పడుచుండెను, ఇప్పుడును పడును" అని ఊరకుండినవారు బీమా లేకయే ఉండిపోయిరి. ఈ మార్పును రైతులందరు గమనింపవలెను. రైతు వాటా ఖరీఫు ఆహారధాన్యములకు, నూనెగింజలకు నూటికి 2, రబీకి ఒకటిన్నర, పత్తి వంటి వాణిజ్య పంటలకు, తోట పంటలకు 5 వరకు ఉండును. 2020నుండి అప్పు తీసికొన్నవారికి సైతము బీమా ఐచ్ఛికము. ఏ పంటకు దిగుబడి ఆధారముగా, ఏ పంటకు వాతావరణము ఆధారముగా బీమా కలదో ఆ ఋతువు ప్రకటనలో చూడవలెను.

"నా చేను ఎండిపోయినది, నాకు బీమా ఏల రాలేదు?" అని చాలమంది అడుగుదురు. దిగుబడి బీమాలో ఒక్కొక్కరి చేను లెక్క కాదు. గ్రామమును గాని మరికొంత పెద్ద విస్తీర్ణమును గాని ఒక యూనిట్టుగా తీసికొని, పంటకోత ప్రయోగములద్వారా సగటు దిగుబడి కట్టుదురు. గడచిన 7 సంవత్సరములలో మేలైన 5 సంవత్సరముల సగటునుబట్టి హామీ దిగుబడి నిర్ణయింపబడును. ఉదాహరణకు హామీ దిగుబడి ఎకరమునకు 400 కిలోలు, ఆ సంవత్సరపు సగటు 300 కిలోలు అనుకొందము. తగ్గినది నాలుగవ వంతు. బీమా మొత్తము 20,000 రూపాయలైనచో అందులో నాలుగవ వంతు, అనగా 5,000 రూపాయలు అందరికి వచ్చును. సగటు 400 దాటినచో, ఒకరి చేను పూర్తిగా పోయినను ఏమియు రాదు. అందుచేత పంటకోత ప్రయోగము జరుగు దినమున రైతులు అక్కడ నిలిచి చూచుట అవసరము. వడగండ్లు, పొలము మునుగుట వంటి స్థానిక నష్టములకు మాత్రము చేను వారీగా లెక్క కలదు. కాని నష్టము జరిగిన 72 గంటలలోగా తెలియజేయవలెను. మూడు దినములు దాటినచో ఆ దారి మూసికొనును.

3. కాటా

పత్తి. ఆదోని పత్తి వ్యాపారమునకు పేరుపొందిన మార్కెటు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేతకారుల సహకార సంఘము స్థాపించిరి. మన ప్రాంతమున పత్తికిని మగ్గమునకును ఉన్న సంబంధము అట్టిది. ఇప్పుడు పత్తి ధర ఆదోనిలో మాత్రమే నిర్ణయమగుట లేదు. 2025 ఆగస్టు 19న కేంద్రము విదేశపు పత్తిపై నున్న నూటికి 11 దిగుమతి సుంకమును తాత్కాలికముగా తొలగించి, ఆ ఏర్పాటును డిసెంబరు 31 వరకు పొడిగించినది. ఆ ఆగస్టులోనే అమెరికా మన సరుకులపై సుంకమును నూటికి 50కి పెంచినది. మిల్లులకు చవుకగా దూది దొరకవలెనన్నది ఒక వాదము. మన పత్తి మార్కెటుకు వచ్చు నెలలలోనే పరదేశపు పత్తి దిగుట రైతునకు నష్టమన్నది మరియొక వాదము. రెండింటిలోను సత్యము కలదు. కాని ఆ ఒత్తిడి చివరకు వచ్చి పడునది తొలి కోత సరుకును అక్టోబరులోనే అమ్ముకొనక తప్పని చిన్న రైతుమీద.

ఇట్టి సమయమున ఆధారము మద్దతు ధర. 2025-26 సంవత్సరమునకు పొడుగు పింజ పత్తికి క్వింటాలు ఒకటికి 8,110 రూపాయలు, మధ్యరకము పింజకు 7,710 రూపాయలు నిర్ణయింపబడినది. 2024-25లో ఇవి 7,521, 7,121 రూపాయలుగా నుండెను. బయట ధర ఇంతకంటె తగ్గినప్పుడు పత్తి సంస్థవారు కొనుగోలు చేయుదురు. ఆ పూర్తి ధర తేమ నూటికి 8 ఉన్న పత్తికే. ఆపైన ఒక్కొక్క పాలునకు ధరలో నూటికి ఒకటి చొప్పున తగ్గును. 12 దాటినచో కొనరు. పొడుగు పింజకు లెక్క ఇట్లుండును:

తేమ 8: 8,110 రూపాయలు
తేమ 10: 7,947 రూపాయల 80 పైసలు
తేమ 12: 7,785 రూపాయల 60 పైసలు
తేమ 12 పైన: కొనుగోలు లేదు

10 క్వింటాళ్లు తెచ్చిన రైతునకు 8కిని 12కును నడుమ 3,244 రూపాయల భేదము. తిరుగగొట్టినచో బండి బాడుగ అదనము. అప్పుడతడు యార్డు బయటనే అడిగిన ధరకు అమ్ముకొని పోవును. ఈ నష్టమును తప్పించుకొను మార్గము మన చేతిలోనే ఉన్నది. మంచు ఆరిన తరువాతనే పత్తి తీయుడు. తీసిన పత్తిని పట్టలమీద పలుచగా ఆరబోయుడు. వానకు తడిసి రంగు మారిన పత్తిని మంచి పత్తిలో కలుపకుడు. ప్లాస్టిక్ సంచులలో గాక గుడ్డ సంచులలో తెండు. 2025-26నుండి కొనుగోలు కేంద్రమునకు పోవుటకు కపాస్ కిసాన్ అను సెల్‌ఫోను యాప్‌లో పేరు నమోదు చేసికొని, ముందుగా దినము కేటాయింపు పొందవలెను. ఫోను వాడుక తెలియనివారు రైతు సేవా కేంద్రములో చేయించుకొనవచ్చును. ఇంటిలో చదువుకొన్న పిల్లలున్నచో వారిచే చేయించుట ఇంకను సుళువు.

గులాబి రంగు కాయతొలుచు పురుగు బీటీ పత్తికి లొంగుట మానినది. డిసెంబరు దాటిన తరువాత పైరును సాగదీసి చివరి కాయలకై ఆశపడుట ఆ పురుగునకు ఇల్లు కట్టి యిచ్చుటయే. సకాలములో పైరు ముగించి, మోళ్లు తీసివేసి, రేగడిలో తడియున్నచో శనగ వేయుట లాభకరము.

వేరుశనగ. దీనికి 2025-26 మద్దతు ధర క్వింటాలు ఒకటికి 7,263 రూపాయలు. మన దేశము వాడు వంటనూనెలో సగముకంటె ఎక్కువ పరదేశములనుండి వచ్చును గనుక దిగుమతి సుంకము కదలినప్పుడెల్ల నూనెగింజల ధరయు కదలును. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మూల సుంకము నూటికి 20కి పెరిగినది. 2025 మే 30న 10కి తగ్గినది. ఇట్టి వార్తలు పట్టణమువారికే అని విడువక, అమ్ముటకు ముందు పత్రికలో చూచుకొనుట మంచిది.

టమోటా, ఉల్లి. ఈ రెండింటికి మద్దతు ధర లేదు. ఆస్పరి, పత్తికొండ ప్రాంతములలో టమోటా కిలో రూపాయికి, రెండు రూపాయలకు పడిపోయిన దినములు మీరందరు చూచినవే. కోయక చేనిలోనే విడిచిన రైతును చూచి "ఏమి సోమరితనము" అని పట్టణమువాడు అనుకొనవచ్చును. లెక్క వేసి చూతము. 25 కిలోల పెట్టె కోత కూలి 40, బాడుగ 20, ఎత్తుడు దింపుడు 5, మొత్తము 65 రూపాయలు అనుకొందము. కిలో 2 రూపాయలైనచో పెట్టెకు వచ్చునది 50. అందులో కమీషను పోవును. పెట్టె పెట్టెకు 15 రూపాయలకు పైగా చేతినుండి పడును. కోయకుండుటయే తక్కువ నష్టము. గొర్రెలను తోలుట ఆ రైతు ఏడ్చుచు చేయు లెక్క.

ధర ఇట్లు ఏల కూలును? 2023 జూలైలో నగరములలో టమోటా కిలో 100 రూపాయలు దాటి, కొన్నిచోట్ల 200కు చేరినది. అది చూచి నాటినవారి పంట ఒక్కసారి మార్కెటుకు వచ్చునప్పటికి ధర నేలకు దిగినది. నేటి ధర చూచి నాటుట అనగా రెండు నెలల తరువాత అందరితో కలిసి అమ్ముటయే. ఉన్న రెండెకరములలో ఒక్కసారి నాటక, మూడు వారముల ఎడముతో మూడు భాగములుగా నాటినచో ఏదో ఒక కోతకైనను ధర తగులు అవకాశము కలదు.

ఉల్లి విషయములో విధానపు మార్పులు ఇంకను వేగముగా వచ్చినవి. 2023 ఆగస్టులో ఎగుమతిపై నూటికి 40 సుంకము, డిసెంబరులో నిషేధము, 2024 మేలో సడలింపు, 2025 ఏప్రిల్ 1నుండి సుంకము రద్దు. పట్టణమున వినియోగదారుని కాపాడుట అవసరమే. కాని ఖరీఫు ఉల్లి నిలువ ఆగదు. ధర పెరుగుదాక దాచుకొను వీలు మన రైతునకు లేదు. 2025లో ధర పడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వము మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు ఒకటికి 1,200 రూపాయల చొప్పున ఉల్లి కొనుగోలు చేయించినది. ఇది ప్రాణము నిలుపు మందు. రోగము కుదుర్చునది వేరు.

కుదుర్చునది ఏది? టమోటాలో నూటికి 93, 94 పాళ్లు నీరే. ఆ నీటిని తీసివేసి ముక్కలుగా ఎండబెట్టినచో, గుజ్జుగా మార్చినచో నిలువ ఆగును. ఇది ఒక్క రైతు చేయగల పని కాదు. 2020లో ప్రారంభమైన పథకము క్రింద దేశములో 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములు ఏర్పరచ నిర్ణయించిరి. అదే సంవత్సరము వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధిద్వారా గిడ్డంగి, శుద్ధి కర్మాగారము వంటివానికి 2 కోట్ల వరకు అప్పుపై వడ్డీలో నూటికి 3 రాయితీ కలదు. ఎమ్మిగనూరు నేతగాండ్రు 1938లో ఒక్కటై సంఘము కట్టుకొనగలిగినప్పుడు, నేటి టమోటా రైతులు కట్టుకొనలేరా? అట్లని సంఘము పేరుతో బోర్డు కట్టినంత మాత్రమున ఫలము లేదు. పదిమంది కలిసి ఒక లారీ బాడుగకు మాట్లాడుకొని దూరపు మార్కెటునకు పంపుట మొదటి మెట్టు. దానిలో నమ్మకము కుదిరినచో తక్కినవి వచ్చును.

4. గ్రామోద్యోగులకు ఒక మాట

కరణము, మునసబు పదవులు 1984లో రద్దయినవి. 2019 అక్టోబరు 2నుండి గ్రామ సచివాలయములు పనిచేయుచున్నవి. పేర్లు మారినను, గ్రామములో కాగితము వ్రాయువాని చేతిలో రైతు సంవత్సరపు కష్టము ఉన్నదనుట మారలేదు. కావున నా తోటి ఉద్యోగులకు మూడు మనవులు. చేనివద్ద "ఎవరిది" అని గాక "ఎవరు చేయుచున్నారు" అని అడుగుడు. నమోదు జాబితాను గోడకు అంటించుటతో తృప్తిపడక, చావడివద్ద ఒక సాయంకాలము చదివి వినిపింపుడు. సుగ్గికి పోయిన కుటుంబముల ఫోను నంబర్లు ముందే వ్రాసికొని, జాబితాలోని వారి వివరములను ఫోనులో చదివి చెప్పుడు. ఈ మూడింటికి ఏ నిధులును అక్కరలేదు.

5. సంవత్సరమంతట గుర్తుంచుకొనవలసినవి

(1) గుత్త మాట్లాడు దినముననే సాగు హక్కు పత్రమునకు యజమాని సంతకము గూర్చి తేల్చుకొనుడు.
(2) పదును పడక విత్తకుడు. విత్తనపు రసీదును పంట ముగియుదాక దాచుడు.
(3) విత్తిన వెంటనే ఈ-క్రాప్ నమోదు, ఆధార్ ధ్రువీకరణ చేయించుడు. జాబితాలో పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణము సరిచూడుడు.
(4) బీమా వాటా గడువులోగా కట్టి రసీదు తీసికొనుడు. స్థానిక నష్టమును 72 గంటలలో తెలుపుడు.
(5) బ్యాంకు అప్పు తేదీ దాటనీయకుడు.
(6) పత్తిని ఆరబెట్టి, తేమ చూపించుకొని, దినము కేటాయించుకొనిన తరువాతనే బండి కట్టుడు.
(7) టమోటాను విడతలుగా నాటుడు. అమ్మకమునకు పదిమంది కలియుడు.

రైతు సోదరులారా! విధానములు ఢిల్లీలోను, అమరావతిలోను తయారగును. వానిలో లోపములున్నచో గ్రామసభలోను, అధికారులవద్దను చెప్పుట మన హక్కు, బాధ్యత. కాని ఉన్న ఏర్పాటులో మనకు రావలసినది మన అజాగ్రత్తచే పోగొట్టుకొనరాదు. నేను పైన చెప్పిన పెద్దాయన మరుసటి సంవత్సరము ఏరువాకకు ముందే యజమానిని వెంటబెట్టుకొని సచివాలయమునకు వచ్చి సంతకము చేయించెను. జాబితా అంటించిన దినమున తన పేరును వ్రేలితో చూపి, మనుమరాలిచేత చదివించుకొనెను. ఆ సంవత్సరము పంట గొప్పగా పండలేదు. కాని పండినంతవరకు ఆయన పేరుననే పండినది.

మీ మీ పొలములనుగూర్చి సందేహములున్నచో మీ గ్రామ రైతు సేవా కేంద్రములో గాని, ఎమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రములో గాని అడిగి తెలిసికొనుడు.